సూదికి వేలాడిన కార్డులు

నా మొదటి ఉద్యోగం పేరు కంప్యూటర్. నవ్వకండి, నియామకం కాగితంలో అలాగే ఉంది. లెక్కలు కట్టే మనిషిని అప్పట్లో సర్కారువారు ఆ పేరుతోనే పిలిచేవారు. బాపట్లలో మా వీధివాళ్లకి మా అమ్మ "మా అమ్మాయి కంప్యూటర్" అని చెబితే, "అంటే నర్సుకంటే పెద్దదా, చిన్నదా?" అని అడిగేవారు. మా అమ్మ ఏమాత్రం తడుముకోకుండా "పెద్దదే" అనేది.

మీలో కొందరు ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నారని విన్నాను. ఆ రోజుల్లో రోగుల వివరాలు ఎలా దాచేవారో రాయమని అడిగారు. మీకు పనికొచ్చే సాంకేతిక విద్య నా దగ్గర గోరంత కూడా లేదు. నేను చేసిన తప్పు మాత్రం ఒకటుంది. నాకది చేయడానికి ఒక పగలంతా పట్టింది. మీకైతే అంతసేపు పట్టదు.

డెబ్బైల మొదట్లో సంగతి. తెనాలిలో చిన్న క్షయ చికిత్సా కేంద్రం ఉండేది. ఇప్పుడది లేదు. రెండు గదులు, ఒక ఎక్స్‌రే గది, వెనక ఓ పెరడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, అటు బాపట్ల నుంచి, ఇటు రేపల్లె నుంచి, నెలకోసారి వచ్చి మాత్రల పొట్లం తీసుకెళ్లేవారు. ఏడాదిన్నర పాటు విడవకుండా మింగాలి. చిక్కంతా అక్కడే. రెండు మూడు నెలలకి దగ్గు తగ్గుతుంది, ఒళ్లు చేస్తుంది. ఇంకేముంది, బాగైపోయింది కదా అని మానేస్తారు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఈసారి పాత మందుకు లొంగదు. కాబట్టి ఎవరు రాలేదో కనిపెట్టి వాళ్లని మళ్లీ రప్పించడమే మా కేంద్రానికి సగం పని.

ఆ పనిని అప్పటిదాకా ఒక ముసలి గుమాస్తాగారు చేసేవారు. ఆయనా బాపట్లే. పొద్దున్న పాసింజర్లో ఒకే పెట్టెలో తెనాలి వచ్చేవాళ్లం. తెల్లటి పంచె, మోచేతుల దగ్గర సిరా మరకలున్న చొక్కా, చంకలో టిఫిన్ డబ్బా. ఆయన దగ్గర దిండంత లావు రిజిస్టర్లు నాలుగుండేవి. పొద్దున్నంతా వాటిలో వేలుపెట్టి వెతికేవారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక కళ్లజోడు తుడుచుకుని ఇన్లాండు కవర్లు ముందేసుకుని ఉత్తరాలు రాసేవారు. రోజుకు ఏడెనిమిది తక్కువ కాకుండా.

ఒకసారి నీళ్లు తాగడానికి లేచి ఆయన భుజం మీదుగా చూశాను. పాపమే, కానీ చూశాను. "చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. మేమంతా క్షేమం. నువ్వు వచ్చి నెల దాటింది. అత్తయ్య నీ కోసం మాగాయ పెట్టి జాడీలో ఉంచింది. ఆలస్యమైతే పాడైపోతుంది. బుధవారం తప్పకుండా వచ్చి పట్టుకెళ్లు." పక్కనే ఇంకొకటి, ఎవరో అబ్బాయికి బాబాయిగా రాసింది. మరుసటి రోజు ఇంకో మేనకోడలు. సర్కారు కుర్చీలో కూర్చుని ఈయనగారు ఇంటి ఉత్తరాలు రాసుకుంటున్నారని నాకు ఒళ్లు మండింది. ఎంతమందయ్యా మేనకోడళ్లు, ఏకంగా ఊరంతా చుట్టాలేనా అనుకున్నాను. అడిగితే పోయేది. ఇరవైమూడేళ్ల వయసులో మనిషికి అన్నీ తెలుసు కనక అడగదు.

అంతలో నన్ను రెండు వారాల శిక్షణకు హైదరాబాదు పంపారు. అక్కడ ఒక చల్లటి గదిలో అసలు కంప్యూటర్ని చూపించారు. చెప్పులు బయట విడవమన్నారు. లోపల గోడ పొడవునా బీరువాలు, వాటిలో ఏవో తిరుగుతున్న చక్రాలు. దండం పెట్టబోయి పక్కవాళ్లు చూస్తారని ఆగిపోయాను. చివరిరోజు శిక్షకుడు మమ్మల్ని కూర్చోబెట్టి, "మీ ఊళ్లకు ఇది ఇప్పట్లో రాదు, దీని చిన్న చెల్లెల్ని తీసుకెళ్లండి" అని ఒక్కొక్కరికీ ఒక పెట్టె ఇచ్చాడు.

పెట్టెలో దళసరి అట్టకార్డులు, ఒక పట్టకారు, పిడి ఉన్న పొడవాటి సూది. కార్డు నాలుగంచుల వెంబడీ వరసగా చిల్లులుంటాయి. ఒక్కో చిల్లుకి ఒక్కో అర్థం: ఇది ఫలానా ఊరు, ఇది ఫలానా నెల. మనిషికో కార్డు. రోగి ఈ నెల మందుకు వస్తే, రైల్లో టికెట్లు కొట్టేవాడిలా పట్టకారుతో ఆ నెల చిల్లును అంచుదాకా కత్తిరించేస్తాం. నెలాఖరున కార్డులన్నీ కట్టగా పట్టుకుని ఆ నెల చిల్లులోంచి సూది దూర్చి పైకెత్తితే, కత్తిరించినవి జారి బల్లమీద పడతాయి. కత్తిరించనివి సూదికి వేలాడతాయి. వేలాడినవాళ్లు రానివాళ్లన్నమాట. అంతే యంత్రం. కరెంటు కూడా అక్కర్లేదు.

గుమాస్తాగారు వారం రోజులు వెతికే పనిని నేను నాలుగు నిమిషాల్లో చేసి చూపించాను. కొత్తగా వచ్చిన డాక్టరుగారు, ఆయనకీ ముప్ఫై దాటలేదు, చప్పట్లు కొట్టినంత పని చేశారు. గుమాస్తాగారు సూదిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బావుందమ్మాయ్. ఎవరు రాలేదో చెబుతుంది. ఎందుకు రాలేదో కూడా చెబుతుందా?"

"దానికి చిల్లు లేదండి" అన్నాను. డాక్టరుగారు నవ్వారు. గుమాస్తాగారు కూడా నవ్వారు, అది ఆయన మంచితనం.

మూడు నెలలు కూర్చుని రిజిస్టర్లలోని వివరాలన్నీ కార్డుల మీదికి ఎక్కించాను. మార్జిన్లలో పెన్సిలుతో ఏవో అక్షరాలుండేవి. ఒకరి పక్కన 'మా', ఇంకొకరి పక్కన 'బా', మరొకరి పక్కన 'పె'. ముసలాయన పిచ్చిగీతలు అనుకుని వదిలేశాను. అవెక్కించడానికి కార్డులో చోటు కూడా లేదు. ఆయన రిటైరైన రోజు దండ వేశాం, మిక్చరు పెట్టాం, కాఫీ ఇచ్చాం. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగారు.

"ఆ ఉత్తరాల సంగతి నీకు చెప్పాలమ్మాయ్. ఒకరోజు కూర్చుందామా?"

"ఎందుకండీ, అన్నీ కార్డుల్లో ఉన్నాయి కదా. మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నాను. అలా అన్నప్పుడు నా గొంతులో ఉన్న గర్వం ఇప్పటికీ నాకు వినబడుతుంది.

ఆ నెలాఖరున సూది ఎత్తితే నలభై పైచిలుకు కార్డులు వేలాడాయి. నేనప్పటికే అచ్చు వేయించిన పోస్టుకార్డులు సిద్ధంగా ఉంచాను. పైన కేంద్రం పేరు. కింద నాలుగు ముక్కలు: మీరు ఈ నెల క్షయ మందులు తీసుకొనుటకు రాలేదు, ఈ జబ్బు ఇతరులకు అంటుకొనును, వెంటనే రావలెను. ఒక్క రోజులో చిరునామాలన్నీ నా చేత్తో రాసి, సాయంత్రం స్టేషన్‌కి వెళ్తూ డబ్బాలో వేశాను. ఆ రోజు బాపట్ల పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని, దేశానికి ఏదో చేసినట్టే ఉప్పొంగిపోయాను.

తర్వాతి వారం జనం కిటకిటలాడతారని అదనంగా ఒక బల్ల వేయించాను. వచ్చినవాళ్లు ఐదుగురు. ఆరో ఆయన మందు కోసం రాలేదు, నాతో దెబ్బలాడటానికి వచ్చాడు. కొలకలూరు వైపు రైతు, యాభై ఏళ్లుంటాయి, భుజాన కండువా. నా పోస్టుకార్డును బల్లమీద పెట్టాడు.

"నీకు నేనేం అపకారం చేశానమ్మా?"

"ఏమైందండీ?"

"పోస్టుమాన్ దీన్ని కాఫీ హోటలు కాడ చదివాడు. వాడి తప్పు కాదులే, చదువురానోళ్లకి చదివిపెట్టడం వాడికి అలవాటు. నాకు చదువొచ్చు, కానీ నాకంటే ముందు ఊరంతా వినింది. మర్నాటినుంచి హోటలాయన నాకు గ్లాసు వేరే పెట్టాడు. నలభై ఏళ్లుగా ఆ బల్లమీదే తాగుతున్నానమ్మా కాఫీ." ఆయన గొంతు లేవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

మందు తీసుకెళ్లండి అని బతిమాలాను. "ఇంక ఇక్కడి గడప తొక్కను" అని వెళ్లిపోయాడు.

ఆ నెల సూది ఎత్తితే చెయ్యి బరువుగా అనిపించింది. అంతకుముందు నెల కంటే వేలాడిన కార్డులు ఎక్కువయ్యాయి. నా యంత్రం చాలా నిజాయితీగలది. నా తప్పును కూడా నాలుగు నిమిషాల్లోనే చూపించింది.

వేలాడినవాటిలో ఒక కార్డును విడిగా తీసి పెట్టాను. రేపల్లెలో దిగి బస్సెక్కి సముద్రం ఒడ్డుదాకా పోతే వచ్చే పల్లెలో ఉంటుందామె. చేపలు అమ్ముకునే మనిషి. నా వయసే. మూడేళ్ల బిడ్డ, సముద్రం మీదికి వెళ్లే మొగుడు. రేపల్లె రైల్లో గంపతో తెనాలి బజారుకి వచ్చేది. అమ్మకం అయ్యాక ఎవరూ చూడకుండా మా పెరటి వైపు నుంచి వచ్చి మందు తీసుకెళ్లేది. గంప పెరటి గోడకి ఆనిస్తే నేను ముక్కు మూసుకునేదాన్ని. "చేపలకి వాసన రాకుండా ఎట్టా ఉంటదమ్మగారూ, అవేమన్నా మల్లెపూలా?" అని నవ్వేది. ఆ నవ్వులో దగ్గు తగ్గిపోవడం నెలనెలా నాకు వినపడేది. ఏడు నెలలు ఒక్కసారి కూడా తప్పకుండా వచ్చింది. ఎనిమిదో నెలలో వారం ఆలస్యమైంది, నా కార్డు వెళ్లింది. ఆ తర్వాత ఇక రాలేదు.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఆమె కార్డు చూసి తల పట్టుకున్నారు. "మూడు నెలలుగా కళ్లె పరీక్ష శుభ్రంగా ఉంది. ఇప్పుడు ఆమె వల్ల ఎవరికీ అంటదు. కానీ ఇక్కడ ఆపేస్తే ఈ మాత్రలు ఆమెకి ఇంక పనిచెయ్యవు. వేరే మందు నేను ఎక్కణ్ణుంచి తేను?" అన్నారు. అంటే ఆమె చచ్చిపోతుందని. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

చేపల వాసన సోకని ఇంట్లో పుట్టిన నేను ఆ మధ్యాహ్నం తెనాలి చేపల బజారుకి మొదటిసారి వెళ్లాను. రేపల్లె వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు ఎవరని అడిగితే ఒకామెను చూపించారు.

"ఆ పిల్లా? రావట్లేదమ్మా. తెనాలి నుంచి కార్డొచ్చిందంటగా. క్షయంట. రైల్లో ఆమె గంప పక్కన ఎవురూ గంప పెట్టలా. ఇక్కడ కొనేవోళ్లకి కూడా తెలిసిపోయింది. ఇంకేం అమ్ముద్ది?" అని ఆమె రొయ్యల మీద నీళ్లు చల్లుకుంది.

ఆదివారం పొద్దున్నే బాపట్లలో గుమాస్తాగారి ఇంటికి వెళ్లాను. ఆయన వసారాలో మంచానికి నవారు బిగిస్తున్నారు. నేను చెప్పుకుంటూ పోయాను, ఆయన నవారు లాగుతూ విన్నారు.

"ఎన్ని వేశావమ్మాయ్?"

"నలభై పైనేనండి."

"పోస్టుకార్డులా?"

"అవునండి."

నవారు వదిలేసి మంచం పట్టె మీద కూర్చున్నారు. తిట్టలేదు. ఆయన భార్య కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆవిడ లోపలికి వెళ్లాక అప్పుడు చెప్పారు. కొత్త రోగి వచ్చిన మొదటిరోజే, మీ జబ్బు సంగతి ఊళ్లో తెలిస్తే ఇబ్బందా అని అడిగేవారట. ఇబ్బందే అంటే, "అయితే తెనాల్లో నేను మీకు ఏమవుతాను? బాబాయినా, మామయ్యనా, పెదనాన్ననా?" అని అడిగేవారట. వరస వాళ్లే ఎంచుకునేవారు. దాన్ని మార్జిన్లో పెన్సిలుతో గుర్తు పెట్టుకునేవారు. నెల తప్పితే ఆ వరసతోనే ఉత్తరం వస్తుందని, అందులో మాగాయ అంటే మందేనని అప్పుడే చెప్పి ఉంచేవారట. పోస్టుమాన్ చదివినా, అత్తగారు చదివించుకున్నా, అందులో ఏముంది? తెనాలి మామయ్య, ఒక మాగాయ జాడీ. మందు సంగతి రాసినవారికీ అందుకున్నవారికీ మాత్రమే తెలుసు.

"ఆ మేనకోడళ్లంతా..." అన్నాను.

"నాకు తోబుట్టువులు లేరమ్మాయ్. ఒక్కణ్ణే కొడుకుని" అన్నారాయన.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. "నాకెందుకు చెప్పలేదండీ?" అని మాత్రం అడిగాను, తప్పు కాస్త ఆయన మీదికి కూడా నెడదామని.

"చెబుతానన్నాను కదా. అక్కర్లేదన్నావు."

మిగతావాళ్లకి కవర్లు రాద్దాం, పాత రిజిస్టర్లు బీరువాలోనే ఉన్నాయి కదా అన్నారు. కానీ ఆ చేపల పిల్లకి ఉత్తరం పనిచెయ్యదు. ఇప్పుడు తెనాలి నుంచి చీటీముక్క వచ్చినా ఊరంతా గుమిగూడుతుంది. మనమే వెళ్లాలి. ఆయన వస్తానన్నారు. "కానీ మాట్లాడాల్సింది నువ్వు" అన్నారు.

"ఏమనండీ?"

"కార్డు పొరపాటున వచ్చిందని. వేరేవాళ్లకి పోవాల్సింది ఆమెకి వచ్చిందని. పదిమందిలో చెప్పాలి."

"పొరపాటు కాదండీ!" నాకు తెలియకుండానే గొంతు లేచింది. "ఆమె రాలేదు, సూది సరిగ్గానే పట్టుకుంది. ఆ కార్డుల్లో ఒక్క తప్పు కూడా లేదు. కావాలంటే లెక్క చూసుకోండి."

"లేదనే నేనూ అంటున్నాను. అందుకే చెప్పడం కష్టం" అన్నారాయన తాపీగా.

మీకిది చిన్న సంగతిగా తోచవచ్చు. నాకు కాదు. ఆ కార్డులు నా పరువు. హైదరాబాదు నుంచి పెట్టెను ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను, పైన పెడితే ఎక్కడ పడుతుందోనని. తప్పు చేసి తప్పు ఒప్పుకోమంటే ఒప్పుకుంటాను. సరిగ్గా చేసినదాన్ని తప్పని చెప్పమంటే ప్రాణం ఒప్పలేదు. మర్నాడు డాక్టరుగారిని అడిగాను. "అబద్ధం చెప్పడానికి నేను అనుమతి ఇవ్వలేను. ఒకరోజు సెలవు అయితే ఇవ్వగలను" అని చీటీ రాసిచ్చారు.

గురువారం పొద్దున తెనాల్లో రేపల్లె బండెక్కాం. గుమాస్తాగారు ఒళ్లో చిన్న సంచి పెట్టుకున్నారు, అందులో అరటిపళ్లు, ఒక రవిక గుడ్డ. దారి పొడుగునా పొలాల్లో నాట్లు పడుతున్నాయి. ఆయన ఒక్కో స్టేషన్లో ఒక్కో చుట్టాన్ని తలుచుకున్నారు. ఈ ఊళ్లో నేనో కుర్రాడికి పెదనాన్నని, వాడికి పూర్తిగా నయమైంది. ఆ ఊళ్లో ఒకామెకి బాబాయిని, ఆవిడ దక్కలేదు. నేను మాత్రం చెప్పాల్సిన రెండు ముక్కలూ లోలోపల వల్లె వేసుకుంటూ కూర్చున్నాను.

బస్సు దిగి ఇసుకలో నడిచి పల్లెకు చేరేసరికి పదకొండయింది. వలలు ఎండేసి ఉన్నాయి. పాకల మధ్య ఒకాయన వల అల్లుకుంటూ కనిపిస్తే గుమాస్తాగారు మంచినీళ్లు అడిగారు. ఆయనే ఆ పల్లెకు పెద్ద. ఎవరు, ఎక్కణ్ణుంచి అని అడిగేలోపే పదిమంది చుట్టూ చేరారు. గుమాస్తాగారు నావైపు చూశారు.

"తెనాలి నుంచి వచ్చానండి. మీ పల్లెలో ఒకావిడకి కార్డొచ్చింది కదా, అది రాసింది నేనే. అది ఆవిడకి రావాల్సింది కాదండి. వేరే ఊళ్లో అదే పేరున్న మనిషికి పోవాల్సింది. నేను చూసుకోకుండా ఈ చిరునామా రాసేశాను. తప్పు నాది."

ఒక ముసలామె, "మరి ఆ పిల్ల నిరుడంతా దగ్గింది గదా?" అంది. దానికి జవాబు మేము అనుకుని రాలేదు.

అప్పుడు పాకలోంచి ఆమె వచ్చింది, చంకలో బిడ్డతో. చిక్కిపోయింది. నన్ను చూసింది, గుమాస్తాగారిని చూసింది. ఒక్క క్షణం. ఆ తర్వాత విరుచుకుపడింది.

"ఏంటి, పొరపాటా? పొరపాటని ఎంత సుళువుగా అంటున్నావే! చదువుకున్నదానివి గదా? పేరు చూసి రాసేదానికేగా నీకు జీతమిచ్చేది? నీ కార్డొచ్చినకాడ్నుంచి నా గంప ముట్టినోళ్లు లేరు. నా బిడ్డని ఎత్తుకున్నోళ్లు లేరు. నా మొగుణ్ణి పడవెక్కొద్దన్నారు. నువ్వక్కడ ఫ్యాను కింద కూచుని గీత గీస్తే ఇక్కడ మా కొంప కూలిపోద్ది. అది తెలుసా నీకు? ఎప్పుడన్నా తలుచుకున్నావా?"

తలుచుకోలేదు. ఏడుపు వచ్చేసింది. అది నటన కాదు. ఆమె ఆగలేదు. నా చదువునీ, నా చీరనీ, నా చేతిసంచినీ, దేన్నీ వదలకుండా కడిగిపారేసింది. చివరికి పెద్దాయనే లేచాడు.

"ఊరుకోవే ఇంక. ఇంతదూరం వచ్చి ఒప్పుకుంది గదా. ఆడపిల్లని అంత మాటంటే ఎట్టా?"

అందాకా నన్ను అనుమానంగా చూసిన ముసలామె, "ఏడవమాకమ్మా" అంటూ చెంగుతో నా మొహం తుడిచింది. దగ్గు సంగతి మళ్లీ ఎత్తలేదు. పక్కనున్న ఒకావిడ చెయ్యి చాచి ఆమె చంకలోంచి బిడ్డని అందుకుంది. ఆ బిడ్డని వేరేవాళ్లు ఎత్తుకుని ఎన్నాళ్లయిందో, వాడు కొత్తగా ఆవిడ చెవిపోగు పట్టుకుని లాగాడు.

గుమాస్తాగారు అరటిపళ్లు, రవిక గుడ్డ ఆమె చేతిలో పెట్టారు. పదిమందీ సర్దుకున్నాక ఆమె ఇసుకలో కొంతదూరం మాతో నడిచింది. "మాగాయ పాడైపోయిందా మావయ్యా?" అని మెల్లగా అడిగింది.

"లేదమ్మా. జాడీ అట్లాగే ఉంది. బుధవారం రా."

బుధవారం రేపల్లె బండి వచ్చే వేళకి పెరటి తలుపు తీసి కూర్చున్నాను. రాలేదు. ఆ వారమంతా నేను అన్నం సరిగా తినలేదు. మరుసటి బుధవారం వాసన ముందొచ్చింది, వెనక ఆమె వచ్చింది. గంప ఖాళీగా ఉంది, అంటే చేపలన్నీ అమ్ముడుపోయాయి. కళ్లె పరీక్ష చేసి, అదృష్టం, పాత మందే పనిచేస్తుందని డాక్టరుగారు తేల్చారు. కాకపోతే ఇంకో ఆరు నెలలు పొడిగించారు.

అందరి విషయంలో అలా జరగలేదు. మిగతావాళ్లకి గుమాస్తాగారు చెప్పినట్టు కవర్లు రాశాను. సగంమంది తిరిగి వచ్చారు. ఆ కాఫీ గ్లాసు రైతుకు మూడు ఉత్తరాలు రాశాను. కూతురి వరస పెట్టి కూడా రాశాను. జవాబు లేదు. మరుసటేడు వానల్లో ఆయన పోయారని తెలిసింది. ఆయన కార్డులో, మనిషి పోయాడని చెప్పే ఆఖరి చిల్లు నా చేత్తోనే కత్తిరించాను. ఆ పట్టకారు చప్పుడు తలుచుకుంటే ఇప్పుడూ నాకు దుఃఖమే వస్తుంది.

కార్డుల్ని మాత్రం వదల్లేదు. ఓ మూలన అర్థమేదీ ఇవ్వని చిల్లు ఒకటుండేది. ఊళ్లో తెలియకూడదన్నవాళ్ల కార్డులకు దాన్ని కత్తిరించడం మొదలుపెట్టాం. వేలాడిన కార్డుల్ని మళ్లీ ఆ చిల్లులో సూది గుచ్చి ఎత్తితే, జారిపడినవాళ్లకి చుట్టం ఉత్తరం, మిగిలినవాళ్లకి మామూలు కవరు. పోస్టుకార్డు ఎవరికీ లేదు. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినాయన ఆ చిల్లు ఏమిటని అడిగితే, పెట్టెతో పాటే వచ్చిందండీ అని చెప్పాను. అలా నేను పాతికేళ్లు నిండకుండానే నాకంటే ముప్ఫై ఏళ్లు పెద్దవాళ్లకి కూడా పిన్నినీ, మేనత్తనీ అయ్యాను. మాగాయలు, అరిసెలు, సున్నుండలు, ఎన్ని పెట్టానో ఉత్తరాల్లో. ఆదివారాలు గుమాస్తాగారికి చూపిస్తే దిద్దేవారు. "అబద్ధం ఎంతైనా రాయమ్మాయ్, తేదీ ఒక్కటీ నిజం రాయి" అనేవారు.

ఆ చేపలామె మందు పూర్తయిన రోజు నాకు బాగా గుర్తుంది. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ఇంక రానక్కర్లేదన్నారు. నేను ఆమె ఎదురుగానే కార్డు తీసి, పూర్తయిందని చెప్పే చిల్లును కత్తిరించాను. ఆ ముక్క బల్లమీద పడితే ఆమె దాన్ని గోటితో తీసి చూసి, పెరట్లోకి ఊదేసింది. గంప ఎత్తుకోబోతూ ఆగింది.

"అక్కా, ఆరోజు పల్లెలో అందరి ముందరా నిన్ను అన్నేసి మాటలన్నాను. మనసులో పెట్టుకున్నావా?"

"ఛ, లేదు. మా అబద్ధం నిలబడాలనే కదా అలా నటించావు. అంత బాగా నటిస్తావని నేననుకోలేదు" అన్నాను.

ఆమె గంప నెత్తిన పెట్టుకుని, చుట్టకుదురు సర్దుకుని, నావైపు తిరిగింది.

"నటించలా అక్కా" అంది. "పెట్టుకో."